అరగదీసిన చిప్ప

మ్యూజియంలో అందరూ ఆమెను గవ్వలమ్మ అనేవాళ్ళు. ఆ పేరు చెవిన పడితే ఆమెకు ఒళ్ళు మండేది.

"గవ్వలో ఉండేది నత్త. ఆల్చిప్పకు కుడి చిప్ప, ఎడమ చిప్ప ఉంటాయి. దీనికి పై చిప్ప, కింది చిప్ప. మనిషి మొహం మీద నిలువునా గీత గీస్తే ఇటు సగం అటు సగం ఎలా సరిపోతాయో, దీని ఒక్కో చిప్పా అలా సరిపోతుంది. ఇది గవ్వా?" అని ఎదురుపడ్డవాళ్ళకల్లా చెప్పేది. విన్నవాళ్ళు బుద్ధిగా తల ఊపి, మర్నాడు మళ్ళీ "గవ్వలమ్మగారూ, నమస్కారం" అనేవాళ్ళు.

ఆమె చెప్పేది బ్రాకియోపాడ్ అనే సముద్రజీవి సంగతి. దాని కింది చిప్ప కొన చిలకముక్కులా వంగి ఉంటుంది. ఆ ముక్కులో ఒక చిల్లు. చిల్లులోంచి ఒక కాడ బయటికొచ్చి రాతిని పట్టుకునేది. కదలకుండా ఒకే చోట బతుకుతూ, చిప్పల సందులోంచి నీళ్ళు పీల్చుకుని, లోపలున్న ఈకల్లాంటి రెండు చేతులతో తిండి ఏరుకునేది. కోట్ల ఏళ్ళ కిందట సముద్రపు బురదలో కూరుకుపోయి, బురదతోపాటు తానూ రాయి అయింది.

వయసులో ఉన్నప్పుడు ఆమె సిమెంటు కంపెనీ ల్యాబులో సున్నపురాయి పరీక్షించే ఉద్యోగం చేసింది. భర్త అదే కంపెనీ క్వారీలో మందుగుండు పేల్చే ముఠాకు మేస్త్రీ. ఒకరోజు ఈల వేశాక, మనుషులంతా దూరం జరిగాక, ఆయన రాతిగోడలో అక్రోటు కాయంత చిప్పను చూశాడు. ముక్కూ, చిల్లూ, రెండు చిప్పలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. పేలుడు ఆపమని చేత్తో సైగ చేసి, మళ్ళీ పైకి పాకి, ఉలితో దాన్ని తవ్వి తీశాడు. పైవాళ్ళు ఆయన్ని కొన్నాళ్ళు పనిలోంచి నిలిపేశారు.

"దీని కోసం మీరు ఉద్యోగం పోగొట్టుకునేవాళ్ళే," అంది ఆమె ఆ సాయంత్రం.

"పోలేదుగా," అని ఆయన చిప్పను ఆమె అరచేతిలో పెట్టాడు.

ఆ చిప్పతోనే ఆమె దారి మారింది. మళ్ళీ చదువుకుంది, మ్యూజియంలో చేరింది, ఆ చిప్ప అంతవరకూ ఎవరూ వర్ణించని కొత్త జాతి అని రాసి, దానికి భర్త పేరు పెట్టింది. అది అచ్చయ్యేసరికి ఆయన లేడు. ఊపిరితిత్తుల్లో చేరిన రాతిదుమ్ము ఆయన్ని తీసుకుపోయింది. తర్వాత క్వారీ మూతపడింది, గోతుల్లో నీళ్ళు నిండాయి. ఆ రాతిపొరలోంచి వచ్చిన ముక్కాచెక్కా కొన్ని మ్యూజియంలో ఉన్నాయి కానీ, నిండు చిప్ప మాత్రం అదొక్కటే. శాస్త్రం లెక్కలో ఆ జాతి పేరుకు ఆధారం కూడా అదే.

ఆమె దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి ఆమెకే కోడలైంది. "ముందు శిష్యురాలిని, తర్వాత కోడలిని. ఒక్క తప్పు చేస్తే రెండుసార్లు తిట్లు తినాలి," అని కోడలు తోటివాళ్ళతో నవ్వుతూ అనేది. గవ్వలమ్మ రిటైరయ్యాక శిలాజాల గది బాధ్యత కోడలి చేతికి వచ్చింది. అప్పటికే అత్తగారి చేతులు వణకడం మొదలుపెట్టాయి. చెంచాడు నీళ్ళు కూడా తొణక్కుండా పట్టుకోలేకపోయేది.

అలాంటి రోజుల్లో వేరే దేశపు పరిశోధకుడొకడు ఒక వ్యాసం రాశాడు. గవ్వలమ్మ వర్ణించిన జాతీ, తమ దేశంలో ఎప్పుడో పేరు పెట్టిన జాతీ ఒకటేనని అతని వాదన. ఒకే జీవికి రెండు పేర్లుంటే మొదట పెట్టిందే నిలుస్తుంది. రెండోది కొట్టివేతకు పోతుంది.

కోడలు ఆ వ్యాసాన్ని అత్తగారికి చూపించడానికి భయపడింది. చూపించక తప్పలేదు. గవ్వలమ్మ కళ్ళజోడు సరిచేసుకుని మొదటినుంచి చివరిదాకా చదివి, కాగితాలు మడిచి పక్కన పెట్టింది.

"బొమ్మలు బాగా వేశాడు," అంది.

తేల్చవలసింది చిప్ప లోపల ఉంది. బ్రాకియోపాడ్ చేతులను మోయడానికి లోపల సన్నటి ఆధారం ఒకటి ఉంటుంది. కొన్ని కుటుంబాల్లో అది అటొకటి ఇటొకటి స్ప్రింగుల్లా చుట్టలు తిరిగి ఉంటుంది. కొన్నిటిలో జడపిన్నులా ఒక్క మెలిక. పైకి చూస్తే కవలల్లా ఉండేవి కూడా లోపల ఒకటి చుట్టలది, ఇంకొకటి మెలికది కావచ్చు. గవ్వలమ్మ తన జాతిని చుట్టల కుటుంబంలో చేర్చింది. ఆ పొరలోనే దొరికిన ఒక విరిగిన ముక్కలో చుట్టల ఆనవాళ్ళు చూసి అలా రాసింది. అవతలి దేశపు జాతి కూడా నికరంగా చుట్టలదే.

అందుకే అత్తాకోడళ్ళిద్దరికీ దిక్కుతోచలేదు. చిప్పలో చుట్టలుంటే గవ్వలమ్మ రాసింది నిజం, కానీ రెండు జాతులూ ఒకటే అయి భర్త పేరు పోతుంది. మెలిక ఉంటే ఆ పేరు నిలుస్తుంది, కానీ ఇన్నేళ్ళు ఆమె రాసింది, పాఠం చెప్పింది తప్పవుతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

"అమ్మ గెలిస్తే నాన్న ఓడతాడు. నాన్న గెలిస్తే అమ్మ ఓడుతుంది," అన్నాడు కొడుకు భోజనాల దగ్గర. అతను లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఇంజనీరు. రాళ్ళ గొడవ అతనికి పట్టదు.

కోడలు బల్ల కింద అతని కాలు తొక్కింది.

ముందు స్కానింగు తీయించారు. చిప్పా సున్నపురాయే, లోపల నిండిందీ సున్నపురాయే. పాలలో పాలు పోసినట్టు తెర మీద ఏదీ విడిగా కనిపించలేదు. పెంకులో సన్నటి రంధ్రాలుంటే మెలిక కుటుంబమని పోల్చుకోవచ్చు. కానీ రాయిగా మారేటప్పుడు పెంకు పైపొర అంతా కరిగి మళ్ళీ గడ్డకట్టింది. రంధ్రాలు ఉండేవో లేవో చెప్పేందుకు లేదు. ఇక మిగిలింది ఒక్కటే దారి. చిప్పను ముక్కు వైపునుంచి వెంట్రుకవాసి చొప్పున అరగదీస్తూ, ప్రతిసారీ ఆ తెగిన ముఖాన్ని సన్నటి ఫిల్ము మీదికి అచ్చుతీసుకుంటూ పోవాలి. అచ్చులన్నీ వరసగా పెడితే లోపలి ఆకారం తెలుస్తుంది. చిప్ప మాత్రం మిగలదు.

ఆ మాట పైకి అనే ధైర్యం కోడలికి లేకపోయింది. ఒక ఉదయం గవ్వలమ్మే బస్సెక్కి మ్యూజియానికి వచ్చి, నేరుగా డైరెక్టరు గదిలోకి వెళ్ళింది. కోడలు వెనకాలే పరిగెత్తింది.

"అరగదీయాలి. అనుమతి ఇవ్వండి," అంది గవ్వలమ్మ, కూర్చోకుండానే.

డైరెక్టరు నెమ్మదస్తుడు. "అమ్మా, పేరుకు ఆధారమైన నమూనా అది. అలాంటివాటిని అద్దాల బీరువాలోంచి తీయడానికే ఆలోచిస్తాం."

"నకలు పోసి పెట్టుకోండి. అన్ని వైపులా ఫొటోలు తీసుకోండి. తర్వాత అరగదీయండి. నేను పోయాక ఎవరో ఒకరు ఎలాగూ చేస్తారు. అప్పుడు నేను చూడను కదా."

ఆయన కోడలి వైపు తిరిగాడు. "చేసేది నువ్వు. లోపల ఏమీ మిగలకపోతే, ఉన్న ఒక్కదాన్నీ పొడి చేసిన మనిషివి నువ్వవుతావు. ఆవిడ కాదు. ఆలోచించుకున్నావా?"

కోడలు ఆలోచించుకోలేదు. "చేస్తాను సార్," అనేసింది.

"అత్తయ్యా, మీకు ఏది రావాలని ఉంది?" అని అడిగింది మెట్లు దిగుతూ.

"ఉన్నది రావాలి," అంది గవ్వలమ్మ. రెండో ప్రశ్నకు సందు ఇవ్వలేదు.

చిప్పకు రబ్బరు మూస తీసి, ప్లాస్టరుతో నకలు పోశారు. పారదర్శకంగా గట్టిపడే జిగురులో అసలు చిప్పను నిలబెట్టి దిమ్మ కట్టారు. పని గదిలో గాజుపలక, రాపిడి పొడి, నీళ్ళ పళ్ళెం, పలచటి యాసిడ్ గిన్నె, ఫిల్ము కత్తిరించే కత్తెర వరసగా సర్దుకుంది కోడలు. కిటికీ పక్క స్టూలు మీద గవ్వలమ్మ కూర్చుంది. వణుకు కనబడకుండా చేతులు ఒడిలో బిగించుకుంది.

మొదటిసారి దిమ్మను గాజుపలక మీద పెట్టి రుద్దినప్పుడు వచ్చిన కరకర చప్పుడుకు కోడలి పళ్ళు జివ్వుమన్నాయి. ముక్కు కొన తెల్లటి బురదై నీళ్ళలో కలిసింది. మామగారు ప్రాణాల మీదికి తెచ్చుకుని తీసిన చిప్ప. ఆయన్ని ఆమె ఎన్నడూ చూడలేదు.

మొదటి రోజులు బాగానే నడిచాయి. ముక్కులోని చిల్లు గుండ్రంగా కనబడింది. తర్వాత కీలు దగ్గర కింది చిప్ప పళ్ళు రెండు, అవి కూర్చునే పై చిప్ప గుంటలు రెండు, తలుపు గుమ్మానికి బందుల్లా అమరి కనిపించాయి. గవ్వలమ్మ సూక్ష్మదర్శిని మీదికి వంగి చూసి, "పళ్ళు నేను వేసిన బొమ్మలో కంటే పొట్టిగా ఉన్నాయి," అంది. కోడలు గతుక్కుమంది. అది మంచికో చెడుకో ఆ గొంతును బట్టి తెలియలేదు.

ఆ తర్వాత స్ఫటికాలు మొదలయ్యాయి. చిప్ప లోపలి ఖాళీ అంతా పటికబెల్లంలా గళ్ళు గళ్ళుగా గడ్డకట్టి ఉంది. అచ్చు తీస్తే స్ఫటికాల అంచులే. ఇంకో వెంట్రుకవాసి తీస్తే మళ్ళీ అవే. రుద్దడం, యాసిడ్‌లో కొన్ని క్షణాలే ముంచి తీయడం, కడగడం, ఆరబెట్టడం, ఫిల్ము అతికించడం, ఒలవడం, చూడటం. ఏమీ లేదు. దిమ్మలో చిప్ప తరిగిపోతోంది. ఇంటికి వెళ్ళినా కోడలి చెవుల్లో ఆ కరకరే. భర్త పలకరిస్తే కసురుకునేది.

ఒక మధ్యాహ్నం దిమ్మను యాసిడ్‌లో ముంచిన సమయానికే డైరెక్టరు తలుపు దగ్గరికి వచ్చాడు.

"ఏమైనా కనబడిందా?"

"ఇంకా లేదు సార్."

"ఎంత మిగిలింది?"

ఆమె నోట్సు తెరిచి, తీసిన అచ్చులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆయన గుమ్మంలోనే ఆగాడు. లెక్క తెమలకముందే వెనకనుంచి "తియ్" అని గట్టిగా వినబడింది. కోడలు తిరిగేలోపే గవ్వలమ్మ స్టూలు దిగి, గిన్నెలో చెయ్యి పెట్టి దిమ్మను పైకి తీసింది. ఆ చేతిలో దిమ్మ గడగడలాడింది. కింద సిమెంటు నేల. కోడలు రెండు చేతులూ దోసిలిగా కిందికి చాచింది. దిమ్మ జారి దోసిట్లో పడింది.

కోడలు దాన్ని కుళాయి కింద పెట్టి కడిగింది. యాసిడ్ కాస్త లోతుగానే తిన్నది కానీ, చేటు జరగలేదు. డైరెక్టరు చప్పుడు చేయకుండా వెళ్ళిపోయాడు. "చెయ్యి కడుక్కోండి అత్తయ్యా," అంటూ కోడలు ఆమె చేతిని తానే నీళ్ళ కింద పట్టుకుంది.

"ఆపేద్దామా?" అంది చివరికి. "దగ్గరదగ్గర సగం అయిపోయింది. మిగిలిన సగమైనా దక్కుతుంది."

"సగం చిప్ప దేనికి? ఉప్పు పోసుకోవడానికా?"

"లోపల ఏమీ లేకపోతే?"

"లేదని తెలుస్తుంది. నీకు భయంగా ఉంటే చెప్పు, నేను రుద్దుతాను."

ఆ చేతులతో ఆమె రుద్దలేదని ఇద్దరికీ తెలుసు. కోడలు మళ్ళీ పలక ముందు నిలబడింది.

మర్నాడు స్ఫటికాలు పలచబడ్డాయి. వాటి స్థానంలో మెత్తటి బురదరాయి వచ్చింది. ఆ బూడిదరంగులో, మధ్యగీతకు అటొకటి ఇటొకటి, రెండు తెల్లటి చుక్కలు కనబడ్డాయి.

"అత్తయ్యా, రండి."

గవ్వలమ్మ చాలాసేపు చూసింది. "ఆధారం మొదలైంది. దీన్నిబట్టి ఏమీ చెప్పలేం. చుట్టలకైనా, మెలికకైనా ముందు రెండు చుక్కలే." కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఈ రెండూ పెరిగి వరసలు కడితే చుట్టలు. దగ్గరికొచ్చి కలిస్తే మెలిక."

ఆ తర్వాతి ప్రతి అచ్చూ ఒక గండమే. చుక్కలు కొంచెం సాగాయి. ఇంకో అచ్చులో ఒకదాని పక్కన మరో తెల్లమచ్చ కనబడింది. వరస మొదలైందనుకుని కోడలు అత్తగారి మొహంలోకి చూసింది. అక్కడ ఏమీ లేదు. మళ్ళీ రుద్దింది. ఆ మచ్చ మాయమైంది. అది వట్టి స్ఫటికం ముక్క. మళ్ళీ రెండే చుక్కలు. ఈసారి ఒకదాని వైపు ఒకటి జరిగాయి. కిటికీ అవతల ఎవరో తోటలో నీళ్ళ పైపు లాగుతున్నారు.

ఇంకో ఫిల్ము ఒలిచి అద్దం కింద పెట్టింది. రెండు చుక్కల మధ్య, పై చిప్ప వైపు కాస్త వంగి, సన్నటి తెల్లగీత. వంతెనలా అటునుంచి ఇటు కలిపేసింది.

కోడలు పక్కకు జరిగింది. గవ్వలమ్మ వంగి చూసింది.

"రెండు ఫిల్ములు ఒకదానిమీద ఒకటి పడలేదు కదా?"

"లేదత్తయ్యా."

"ఇంకోటి తియ్."

తీసింది. గీత ఇంకా మందంగా ఉంది. ఆ తర్వాతి అచ్చుల్లో గీతా లేదు, చుక్కలూ లేవు. వట్టి బురదరాయి. జడపిన్ను వంపు అక్కడితో అయిపోయింది.

"మెలిక," అంది గవ్వలమ్మ.

కోడలికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "మామయ్యగారి పేరు ఉంటుందత్తయ్యా. వాళ్ళదీ మనదీ వేరు వేరు."

"పేరు సంగతి నిన్నెవరడిగారు?" గొంతు రాయిలా ఉంది. "నేను చుట్టలని రాశాను. చుట్టలని ఎంతమందికో పాఠం చెప్పాను. నువ్వూ విన్నావు, నోట్సు రాసుకున్నావు." సంచీ భుజానికి తగిలించుకుని, కోడలు ఆటో పిలుస్తానన్నా వినకుండా బస్టాపు వైపు నడిచిపోయింది.

ఇంట్లో ఆమె గది తలుపు మూసే ఉంది. పిలిస్తే వచ్చి తిని వెళ్ళేది. "నాన్న గెలిచాడు కదా, సంతోషించాలి కదా," అన్నాడు కొడుకు. "నువ్వు లిఫ్టుల సంగతి చూసుకో," అంది కోడలు. ఆమెకు కోపంగా ఉంది, భయంగానూ ఉంది. భర్త పేరు పోతుందన్న దిగులే అత్తగారిదని ఇన్నాళ్ళూ అనుకుంది. ఆ పేరు ఆమెకు ఎప్పటికీ పోయేది కాదనీ, ఆమె భయమంతా తన రాతలోని తప్పు మీదేననీ ఇప్పుడు అర్థమైంది. ఆ తప్పును తన చేతులతో బయటికి లాగింది తనే.

ఆ వారం చివర్లో గవ్వలమ్మ తలుపు తీసుకుని వంటింట్లోకి వచ్చింది.

"నేను చూసిన విరిగిన ముక్క ఎక్కడుంది?"

"శిలాజాల గదిలోనే ఉంది. మీరు సర్దిన డబ్బాలోనే."

"అందులో చుట్టలు ఉన్నాయి. అది నా భ్రమ కాదు. చుక్కలు వరసగా ఉన్నాయి, నేను లెక్కపెట్టుకుని బొమ్మ వేశాను. మరి చిప్పలో మెలిక ఉందంటే?"

స్టవ్వు దగ్గర గరిటె తిప్పుతున్న కోడలు ఆగింది. "ఆ ముక్క ఈ జాతిది కాదు."

"కాదు. ఒకే చోట, ఒకే బురదలో, పైకి ఒకేలా ఉండే రెండు జాతులు బతికాయి. నేను రెండిటినీ ఒకటి చేశాను." గవ్వలమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. చాలా రోజుల తర్వాత ఆమె కళ్ళల్లో వెలుగు కనబడింది. "ఆ విరిగింది అవతలి దేశంవాడి జాతే అయి ఉంటుంది. వాడిదీ పూర్తిగా తప్పు కాదు. గరిటె తిప్పు, అడుగంటుతోంది."

వ్యాసం ఇద్దరూ కలిసి రాశారు. వర్గీకరణ భాగం తానే రాస్తానని గవ్వలమ్మ పట్టుబట్టింది. ముందు చేసిన నిర్ణయం పొరపాటనీ, ఆ పొరపాటుకు ఏ ముక్క కారణమో, అది ఎవరి పొరపాటో మెత్తబరచకుండా చెప్పింది. కోడలు కాస్త సర్ది రాయబోతే కొట్టేసింది. కుటుంబం మారింది కాబట్టి, రెండు మాటలుండే జాతి పేరులో మొదటి మాట మారింది. రెండోది, భర్త పేరు, అలాగే ఉంది. "పెళ్ళయితే ఇంటిపేరు మారుతుంది కానీ మనిషి పేరు మారుతుందా?" అని ఆమె కొడుక్కి విడమరిచి చెప్పింది. ఈసారి అతను ఆసక్తిగానే విన్నాడు.

మొదటి మాట మారినప్పుడు, జాతికి పేరు పెట్టినవాళ్ళ పేరును దాని పక్కన బ్రాకెట్లలో వేయడం శాస్త్రంలో నియమం. అచ్చు ప్రతి చూసుకుంటూ గవ్వలమ్మ కళ్ళజోడు పైనుంచి కోడలిని చూసింది.

"అత్తలను మూల కూర్చోబెట్టిన కోడళ్ళను చూశాను. బ్రాకెట్లో పెట్టినదానివి నువ్వే."

కోడలు పడీపడీ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. గవ్వలమ్మ విసుక్కుంటూ తన చెంగు అందించింది.

వ్యాసం వచ్చాక ఆ పరిశోధకుడు స్వయంగా మ్యూజియానికి వచ్చాడు. కోడలు అనుకున్నదానికంటే కుర్రవాడు, బెరుకుగా ఉన్నాడు. పనిగది బల్లమీద ఆమె ఫిల్ములు వరసగా పరిచి పెట్టింది. అతను ఒక్కొక్కటే చూసుకుంటూ పోయి, తెల్లగీత ఉన్న ఫిల్ము దగ్గర ఆగిపోయాడు.

"నేను తొందరపడ్డాను మేడమ్," అన్నాడు గవ్వలమ్మతో.

"నువ్వు తొందరపడకపోతే ఇది మాకు తెలిసేదా? కూర్చో." ఆమె డబ్బాలోంచి విరిగిన ముక్క తీసి అతని ముందు పెట్టింది. "ఇది నీ జాతిదని నా అనుమానం. పళ్ళు చూడు. పొడుగ్గా లేవూ?"

అతను లెన్సు తీసి చాలాసేపు చూశాడు. "పొడుగే. కానీ మా దేశపువాటికి గుంటలు ఇంత లోతుగా ఉండవు."

"ఉండవా? ఎన్ని చూశావు?"

"చాలానే చూశాను మేడమ్."

"నిండుగా ఉన్నవా, విరిగినవా?"

అతను తడబడి, సంచీలోంచి తన బొమ్మలు తీశాడు. గవ్వలమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. ఒక బొమ్మ ఒప్పుకుంది, ఇంకొకటి ఒప్పుకోలేదు. అతనూ పట్టు విడవలేదు. ఇది ఇప్పట్లో తేలేది కాదని కోడలికి అర్థమైంది. వరండాలోకి వచ్చి ఇంటికి ఫోన్ చేసి, వాళ్ళమ్మ కోసం ఎదురుచూడకుండా తినేయమని భర్తకు చెప్పింది.